వీధిలో పరాయి ముఖం

మాది కామాటిపురం. ఈ చిన్న వాక్యాన్ని అచ్చులో పెట్టడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది. మమ్మల్ని బడిలో వేసినప్పుడు మా బాపు చిరునామా దగ్గర "బొంబాయి సెంట్రల్ స్టేషను పక్కన" అని రాయించాడు. అక్కకు సంబంధం చూడవచ్చినవారిని స్టేషనులోనే కలుసుకొని, వర్లీలో వున్న మేనమామ ఇంటికి తీసుకుపోయి, పిల్లను అక్కడే చూపించారు. పిల్ల నచ్చింది, పెళ్లి అయింది. బావ మా గల్లీ చూసింది ఆ తరువాతనే. బొంబాయి తెలుగువారిలో ఈ రకపు కథ ఒకటైనా లేని ఇల్లు అరుదు. (1995లో ఊరికి ముంబయి అని పేరు మార్చారు గాని, మా నోటికి ఇంకా బొంబాయే.) ఇతర పట్టణాలలోని సోదరులకోసం నాలుగు మాటలు చెప్పి అసలు సంగతికి వస్తాను.

ఏడు దీవులను కలిపి ఒక్క ఊరుగా చేసే పని 18వ శతాబ్దం చివర జోరుగా సాగింది. 1780ల్లో కట్టిన హార్న్‌బీ వెల్లార్డు అనే అడ్డకట్ట సముద్రపు పోటును ఆపింది; కట్టకు లోపలి పల్లపు నేల క్రమంగా ఆరింది. ఆ నేలను మెరక చేయడానికి, బాటలు వేయడానికి, మేడలు లేపడానికి నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి కూలిజనం తరలివచ్చారు. మట్టిపని, రాతిపని, కట్టుబడిపని చేసేవారిని మనవైపు కామాటులంటారు గదా. వారు గుడిసెలు వేసుకున్న చోటు కామాటిపురమైంది. గల్లీలకు పేర్లు కూడా పెట్టలేదు. ఒకటో గల్లీ, రెండో గల్లీ అని అంకెలే. ఊరిని కట్టినవారి పేరుమీద వెలసిన వాడ అది. తరువాత తెల్లదొరల హయాములో ఆ చుట్టుపక్కల పడుపుగత్తెల ఇళ్లు వెలిశాయి. పక్కనే వున్న ఫాక్లండ్ రోడ్డు ఒకప్పుడు నాటకశాలల వీధి. ప్లేహౌస్ అనే మాట జనం నోట పడి పీలా హౌస్ అయిందంటే అక్కడ నాటకాల సందడి ఎంత వుండేదో ఊహించుకోవచ్చు. ఇప్పుడు దానికి పఠ్ఠే బాపూరావ్ మార్గమని ఒక తమాషా కవి పేరు వున్నది. కాని లోకానికి నాటకశాలలూ తెలియవు, కవీ తెలియడు, కామాటులూ తెలియరు. లోకానికి తెలిసినది ఒక్కటే. ఆ తెలియడంలో 1981లో న్యూయార్కులో వెలువడిన ఒక ఫోటోల పుస్తకానికి చాలా భాగమున్నది.

ఆ పుస్తకాన్ని నేను చూడకుండానే ఇరవై ఏళ్లు ద్వేషించాను. చూసిన తరువాత నా ద్వేషం కొంత సడలింది, కొంత ముదిరింది. ఎందువల్లనో చెప్పాలంటే, దారినపోయే పరాయి మనిషి దగ్గరకు కెమేరా ఎలా చేరింది, ఎన్ని ఎత్తులు వేసి చేరింది అనే కథ ముందు చెప్పాలి.

మొదట్లో కెమేరాకు వీధిలో మనిషి అసలు కనబడేవాడే కాదు. 1838లో పారిస్ నగరంలో డాగేర్ అనే ఆయన మేడ కిటికీ నుంచి కింది రాజవీధిని వెండిపూత వేసిన రాగిరేకు మీద పట్టాడు. రేకుమీద రూపు పడడానికి కొన్ని నిమిషాలు కావాలి. పట్టపగలు, బండ్లూ జనమూ ఎడతెగని వీధి. చిత్రంలో మాత్రం నిర్మానుష్యం. కదిలినవారెవ్వరూ రేకుకు అందలేదు. ఒక మూలను మాత్రం ఒకడు కాలు ఎత్తిపెట్టి నిలబడివున్నాడు. బూట్లు పాలిషు చేయించుకుంటున్నాడు! అతడూ, అతని కాళ్లదగ్గర వంగిన బూటుపాలిషువాని మసక రూపమూ, వీధిలో ఫోటోకు చిక్కిన మొదటి మనుష్యులుగా చరిత్రలో నిలిచిపోయారు. పాపం, వారికి ఆ సంగతే తెలియదు.

మన బొంబాయికి ఈ విద్య తొందరగానే వచ్చింది. 1854లోనే ఇక్కడ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీలో ముఖ్యుడైన విలియం జాన్సన్ అనే దొర బొంబాయిలో కనబడే నానాజాతులవారి చిత్రాలను రెండు సంపుటాలుగా 1863లోనూ 1866లోనూ ప్రకటించాడు. ఆ కాలపు గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, తడి ఆరకముందే కడగాలి. చీకటి గుడారం వెంట వుండాలి. జనంలోకి పోయి తీయడం కుదిరే పని కాదు. అందుచేత ఆయన మనుష్యులను ఒకచోట నిలబెట్టి తీశాడు; వీధులనూ కట్టడాలనూ వేరుగా తీశాడు; ఆ పైన ఒకదానిమీద ఒకటి అతికి అచ్చువేశాడు. చూస్తే బజారులో నిలబడినట్లే వుంటారు. ఆ మనుష్యులు ఆ బజారులో అప్పుడు లేరు. మనిషి ఒకచోట, వీధి ఒకచోట. ఈ అతుకుడు సంగతి చదువరులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్లీ దీని దగ్గరకే వస్తాము.

1880 ప్రాంతాలలో ఎండుపలకలు బజారుకు వచ్చి, సెకనులో ఒక చిన్న వంతులోనే చిత్రం పడడం మొదలైంది. 1888లో ఈస్ట్‌మన్ అనే అమెరికా వర్తకుడు కోడక్ పెట్టెను అమ్మాడు. నూరు చిత్రాల చుట్ట దానిలో వుండేది. ఇక నడిచే మనిషిని నడుస్తూండగానే పట్టవచ్చును. పట్టవచ్చునని తెలిసిన వెంటనే మనుష్యులు చేసిన మొదటి పని దాగడం. కెమేరాలను పుస్తకాలలాగా, చేతిపెట్టెలలాగా తయారుచేసి డిటెక్టివు కెమేరాలని పేరు పెట్టారు. 1886లో స్టిర్న్ అనే జర్మను కంపెనీవారి కెమేరా వచ్చింది. పళ్లెంలాగా గుండ్రం; చొక్కా కింద మెడకు వేలాడదీసుకోవాలి; కటకం గుండీ కన్నంలోనుంచి తొంగిచూస్తుంది; జేబులో వుండే దారం లాగితే చాలు. ఒక్క పలకమీద ఆరు గుండ్రటి చిత్రాలు.

నార్వే రాజధానిలో కార్ల్ స్టోర్మర్ అనే పందొమ్మిదేళ్ల విద్యార్థి 1893లో ఇది కొన్నాడు. ఎందుకయ్యా అంటే, తాను మనసుపడిన ఒక అమ్మాయితో పరిచయం లేదు, మాట్లాడే ధైర్యమూ లేదు, బొమ్మైనా దక్కుతుందని. ఈ సంగతి ముసలితనంలో ఆయనే చెప్పుకున్నాడు. 1897 దాకా నగర ప్రధాన వీధిలో సుమారు 500 మందిని ఇలా తీశాడు. నాటకకర్త ఇబ్సెన్ కూడా ఆ దారానికి చిక్కినవాడే. తరువాత స్టోర్మర్ గొప్ప గణితజ్ఞుడై, ఉత్తరధ్రువపు కాంతులమీద పరిశోధనలు చేసి పేరు పొందాడు. ఆ ఫోటోలు ఇప్పుడు చూస్తే ఒక విచిత్రం: చాలామంది నవ్వుతూ వుంటారు, టోపీలు ఎత్తుతూ వుంటారు. ఎదురుగా వచ్చేవారికి ఆయన ముందు నమస్కారం పెట్టేవాడు. వారు మర్యాదకు చిరునవ్వు నవ్వగానే దారం లాగేవాడు. ఆ నవ్వు మనిషికిచ్చినది, తీసుకున్నది కెమేరా. ఇది మోసమా, చనువా? నాకు రెండూ అనిపిస్తాయి. ఐతే పందొమ్మిదేళ్ల పిల్లవాడు గనుక క్షమించబుద్ధి వేస్తుంది.

ఆ రోజులలోనే మన హైదరాబాదులో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఒకటి నడిచింది. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీలకోసమే ఒక జెనానా స్టూడియో తెరిచాడు. అది నడిపినది కెనీ లెవిక్ అనే ఆంగ్లేయ స్త్రీ. ఘోషా స్త్రీలు వస్తే ఫోటో తీసేదీ ఆమే. ఇక్కడ దాగినది కెమేరా కాదు, కెమేరాముందు కూర్చున్నామె. దాగవలసినంతవరకు దాగి, కనబడదలచినంతవరకే కనబడేది. మా తాతల ఊళ్లను ఏలిన నిజాంగారి రాజ్యంలోనే ఈ మర్యాద కూడా వుండేదని చెప్పుకోవడం నాకు ఇష్టం. ఆ దీన్‌దయాళే 1896లో బొంబాయిలోనూ ఒక స్టూడియో పెట్టాడు. మా గల్లీవారు ఆ మెట్లు ఎక్కివుంటారని మాత్రం అనుకోను. కూలిడబ్బులకు ఫోటో ఎక్కడిది!

20వ శతాబ్దంలో దాగుడు మరీ తెలివి మీరింది. 1916లో న్యూయార్కు వీధులలో పాల్ స్ట్రాండ్ అనే యువకుడు పేదల ముఖాలు దగ్గరగా తీయదలచి, కెమేరా పక్కన ఒక ఉత్తుత్తి కటకం బిగించాడు. అది ఒకవైపు చూస్తుంటే అసలు కటకం ఇంకొకవైపు చూసేది. ఎదుటివాడు తనను కాదనుకొని తన మానాన తాను వుండేవాడు. ఆ వరుసలో అన్నిటికంటె పేరుపొందినది మెడలో 'గుడ్డి' అని పలక కట్టుకున్న ఒక వీధి వర్తకురాలి చిత్రం. చూపులేనిదానిని తీయడానికి కూడా చాటు వెతుక్కున్న రోజులవి! ఐనా ఆ చిత్రం చూసినవారు మరువలేరు. దయ లేకుండా తీసినదని అనలేము. అడిగి తీసినదని అంతకన్నా అనలేము.

ఆ పైన 1925లో లైకా కెమేరా వచ్చింది. సినిమా ఫిల్ము వాడి 36 చిత్రాలు తీసే పెట్టె, పిడికిట్లో ఇమిడేది. 1932లో హెన్రీ కార్టియే బ్రెసన్ అనే ఫ్రెంచివాడు మార్సేయ్ రేవుపట్నంలో ఒకటి కొని, దాని తళతళలు కనబడకుండా నల్ల పట్టీ అంటించి, జనంలో కలిసిపోయాడు. ఆయన 1947లో మన దేశానికి వచ్చాడు. 1948 జనవరి 30న మహాత్ముడు హతుడు కావడానికి కాస్త ముందు ఆయనను కలిసినవాడు. 1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఫ్రెంచిలో పెట్టిన పేరులో, లైసెన్సు లేకుండా సరుకు పరిచి పోలీసు కనబడితే మూట ఎత్తే కాలిబాట వర్తకుని పోకడ ధ్వనిస్తుంది. ఇంగ్లీషులో దానిని నిర్ణాయక క్షణమని గంభీరంగా మార్చారు. గ్రాంట్ రోడ్డు పేవ్‌మెంటు చూసినవానికి ఫ్రెంచి పేరే నచ్చుతుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పాలి. దగ్గరకు పోవడమనేది గుండెకు సంబంధించిన సంగతే కాదు, కటకానికి సంబంధించిన సంగతి కూడా. 35 మి.మీ. ఫిల్ము కెమేరాకు 28 మి.మీ. కటకం తగిలించి, రంధ్రాన్ని 8 అంకె దగ్గర, దూరాన్ని సుమారు 3.3 మీటర్ల దగ్గర పెడితే, సుమారు 1.6 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా పడుతుంది. కంటికి ఎత్తి సవరించుకోనక్కరలేదు. 50 మి.మీ. కటకంతో అదే ఏర్పాటు చేస్తే 5 మీటర్ల అవతలినుంచి గాని స్పష్టం కాదు. అందుచేత చిన్న కటకం పట్టినవాడు ఎదుటివాని చెంతకు, చేయి చాస్తే తగిలేంతవరకు పోవాలి. పోకపోతే మనిషి చీమలాగా పడతాడు. దూరపు కటకంతో ఎదురు మేడమీదనుంచి కూడా ముఖం నిండుగా పట్టవచ్చు గాని, చూసేవానికి ఆ దూరం తెలిసిపోతుంది. గుంపులో తానూ ఒకడై తీసినదీ, గోడచాటునుంచి తీసినదీ ఒక్కలాగా వుండవు. మన దేశపు రఘుబీర్ సింగ్ 1994లో బొంబాయిమీద వేసిన రంగుల పుస్తకం చూడండి; జనం మోచేతులు మనకే తగులుతున్నట్లుంటాయి.

ఐనా, దగ్గరగా వుండి దాగినవాడొకడున్నాడు. వాకర్ ఎవన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్లలో ఎదురు బల్లమీద కూర్చున్నవారిని తీశాడు. కెమేరాకు నల్లరంగు పూసి రొమ్ముకు కట్టుకొని, కటకం కోటు గుండీల నడుమ వుంచి, మీటను చొక్కాచేతిలోనుంచి అరచేతికి తెచ్చుకున్నాడు. తోడుగా హెలెన్ లెవిట్ అనే యువతి కూర్చునేది. ఆమె కూడా తరువాత ఇలాంటి చిత్రాలకే ప్రసిద్ధికెక్కింది; హార్లెం పిల్లల ఆటలు తీసేటప్పుడు ఒకవైపు చూస్తూ ఇంకొకవైపు తీసే అద్దం వాడేది. రైల్లో ఎవన్స్‌కు చిక్కినవి తమను ఎవరూ చూడడం లేదనుకున్న ముఖాలు: అలసట, దిగులు, శూన్యం. మన లోకలు బండిలో రాత్రి పదింటికి చూసే ముఖాలే. ఐతే ఆయన వాటిని వెంటనే పుస్తకంగా వేయలేదు. చాటుగా తీసినవి గదా అని జంకి, పాతిక సంవత్సరాలు ఆగి 1966లో 89 చిత్రాలు ప్రకటించాడు. ఆ ఆగడం నాకు ఆ చిత్రాలకంటె ఎక్కువ నచ్చింది.

ఇక మా వీధి పక్కకు.

మేరీ ఎలెన్ మార్క్ అనే అమెరికా స్త్రీ 1968లో మొదటిసారి బొంబాయి వచ్చింది. ఫాక్లండ్ రోడ్డులో కెమేరా ఎత్తగానే అక్కడి స్త్రీలు చెత్త విసిరారు, నీళ్లు కుమ్మరించారు. చుట్టూ మగవాళ్లు మూగారు. వచ్చినప్పుడల్లా ఇదే సత్కారం. పది సంవత్సరాలకు, 1978 అక్టోబరులో, పనిగట్టుకొని మళ్లీ వచ్చింది. ఈసారి గుండీ కన్నం లేదు, ఉత్తుత్తి కటకం లేదు, దూరపు కటకం లేదు. కెమేరా అందరికీ కనబడేలా పట్టుకొని రోజూ వీధికి పోయేది. తిట్టేవారు తిట్టారు, తరిమేవారు తరిమారు. మర్నాడు మళ్లీ అక్కడే. కొన్నాళ్లకు ఈ మొండిమనిషి ఎవరా అని కొందరికి వింత పుట్టింది, ఒకరు టీకి పిలిచారు, ఒక ఇంటి యజమానురాలు స్నేహమైంది, తలుపులు తెరుచుకున్నాయి. సుమారు మూడు నెలలు. 1981లో వచ్చిన పుస్తకం ఆ చిత్రాలదే. ఆమె 2015లో కాలం చేసింది.

ఆ పుస్తకం ఒక మిత్రుని ఇంట్లో నా చేతికి వచ్చినప్పుడు నేను ఎదురుచూసినది వేరు. దొంగచాటు చిత్రాలుంటాయనుకున్నాను. లేవు. నీలం, ఆకుపచ్చ గోడల మధ్య ఆడవాళ్లు ఆమె కళ్లలోకి సూటిగా చూస్తున్నారు. జడ వేసుకుంటున్నారు, కునికిపాట్లు పడుతున్నారు, ఒకరి భుజంమీద ఒకరు చేతులు వేసుకొని వున్నారు. మా గల్లీలో పుట్టి పెరిగిన నేను, ఆ ఇళ్లముందునుంచి రోజూ బడికి పోయిన నేను, ఆ ముఖాలను ఏనాడూ అంత సేపు చూడలేదు. తల వంచుకొని నడవమని అవ్వ నేర్పింది. వేల మైళ్లు దాటి వచ్చిన పరదేశి చూసినది పక్క గల్లీవాడినైన నేను చూడలేదు. ఇందుకు సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

ఐతే పుటలు తిప్పుతున్నకొద్దీ ఇంకొక బాధ పట్టుకున్నది. గదిలోకి రమ్మన్నవారు రమ్మన్నది ఆమెను. ఆమె వెనుక లోకమంతా ఆ గదిలోకి వస్తుందని, నలభై ఏళ్లు అక్కడే కూర్చుంటుందని వారికి ఎవరు చెప్పారు? చెప్పినా, న్యూయార్కు పుస్తకాల దుకాణమంటే ఏమిటో వారికి ఎలా తెలుస్తుంది? పరుపుమీది చిత్రాలు కొన్ని వేయకపోయివుంటే పుస్తకానికి లోటు వచ్చేది కాదని నా అభిప్రాయం. ఎవన్స్ పాతికేళ్లు ఆగినది రైల్లో నిద్రపోయే గుమాస్తాలకోసం. ఇక్కడ మూడేళ్లు కూడా కాలేదు. చట్టం సంగతి అడిగితే, న్యూయార్కు కోర్టు 2006లో, వీధిలో అడగకుండా ముఖం తీసి గ్యాలరీలో అమ్మిన ఫోటోగ్రాఫరుమీద వేసిన దావా కొట్టివేసింది. అది కళ, చెల్లుతుందని. మన సుప్రీంకోర్టు 2017లో ఆంతరంగికత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల బెంచితో చెప్పింది. ఈ రెండు తీర్పుల నడుమ ఎక్కడో మా గల్లీ వున్నది.

ఆ పుస్తకంలో మేము లేము. ఇది ఆమె తప్పని అనను. ఆమె చూడవచ్చినది వేరు. కాని చూసినవారు జాన్సన్ దొర అతుకు వేసినట్లే వేశారు: ఆ మనుష్యులను తీసి మా వాడ పేరుకు అతికించారు. బీడీలు చుట్టిన మా అవ్వా, తాపీ పట్టిన తాతా, మునిసిపాలిటీ తెలుగు బడిలో మాకు గుణింతం చెప్పిన పంతులుగారూ, గల్లీ నడుమ బతుకమ్మ పేర్చిన ఆడవాళ్లూ ఎవరి కటకానికీ అందలేదు. డాగేరు రేకుమీదనుంచి జనం మాయమైనట్లు మాయమయ్యారు. వారు కదలడం ఆపలేదు గదా! ఇక మేము చేసిన పనీ చెప్పాలి. అడిగినవారికల్లా బొంబాయి సెంట్రల్ అని చెప్పి, ఉన్న పేరును మేమే వదిలేశాము.

పెదబాపు కుటుంబం ఇంకా అక్కడే వున్నది. పోయిన ఉగాదినాడు మేమంతా అక్కడికి పోయాము. పొద్దున్నే గల్లీ మొగలో మెడకు కెమేరా వేసుకొని కాలేజీ పిల్లవాడొకడు తచ్చాడుతున్నాడు. అటూ ఇటూ చూసి, గుమ్మానికి మామిడాకులు కడుతున్న మా పెద్దమ్మవైపు కెమేరా ఎత్తాడు. ఆమె చూడనే చూసింది.

"ఎవరి పిలగానివిరా?" అన్నది.

అతడికి అర్థం కాలేదు. ఆమె మరాఠీలో మళ్లీ అడిగింది. పిల్లవాడు కెమేరా దించి, పూనానుంచి వచ్చానని, చదువుకుంటున్నానని నసిగాడు. "ఆగు" అని ఆమె లోపలికి పోయి స్టీలు గ్లాసునిండా ఉగాది పచ్చడి తెచ్చి చేతికిచ్చింది. మర్యాదకు ఒక్క గుక్కలో తాగాడు. వేపపువ్వు నాలుకకు తగిలి, ముఖం ముడుచుకున్నది. సరిగా అప్పుడే మా అన్న మనుమరాలు తన ఫోనుతో వాని ఫోటో తీసేసింది. గల్లీ అంతా నవ్వింది. పిల్లవాడు నాలుగడుగులు ముందుకు వచ్చి, బొమ్మ చూసి, చెరిపేయమని బతిమాలాడు. అది వింటేనా!

"నన్ను తీస్తవా?" అన్నది పెద్దమ్మ. "తియ్యి. ముందుగాల చీర మార్చుకొని వస్త."

ఆమె రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పిల్లవాడు మెట్లమీద కూర్చొని, ఖాళీ గ్లాసు పట్టుకొని, ఎదురుచూస్తూ వున్నాడు.